ఎర్ర నాబ్ మీద భద్రు చెయ్యి

భద్రుది కారేపల్లి దగ్గర తండా. పంపుసెట్లు, స్ప్రేయర్లు బాగుచేసీ చేసీ అరచేతులు కాయలు కాశాయి. 2004లో అడవి అంచున ఓ కంపెనీ వేసుకున్న చిన్న రన్‌వే దగ్గర, బుల్లి సర్వే విమానానికి హెల్పర్‌గా చేరాడు. లైసెన్సా? లేదు. సంతకాలు పెట్టే ఇంజనీరు హైదరాబాదు నుంచి నెలకోసారి వస్తాడు. అయితేనేం, ఆ ఇంజను మంచీచెడూ చెప్పాలంటే భద్రే చెప్పాలి!

రోజూ పొద్దున స్విచ్చులు ఆపి ఉన్నాయని రెండుసార్లు చూసుకుని, విమానం ముక్కుకున్న ఫ్యాన్ రెక్కను చేత్తో మెల్లగా తిప్పేవాడు. నాలుగు సిలిండర్లూ ఒక్కొక్కటిగా చేతికి ఎదురుతన్నాలి. ఆ రోజు మూడోది తన్నలేదు, మెత్తగా జారిపోయింది. వాచ్‌మన్ దేవ్లా చేత రెక్క తిప్పించి సైలెన్సర్ గొట్టం దగ్గర చెవి పెడితే, సుస్సుమని గాలి పోతోంది. ప్లగ్గు విప్పితే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పెట్రోలు చాలక ఇంజను మాడుతోందన్నమాట.

పైలట్ మురళీకృష్ణది సత్తుపల్లి వైపు. అతని సీటు ముందున్న ఎర్ర నాబ్ బయటికి లాగితే ఇంజనుకు పెట్రోలు తగ్గుతుంది. బాగా పైకెళ్లాక, గాలి పలచబడ్డాక అలా తగ్గించడం పద్ధతే. ఈ మహానుభావుడు ఆదా పేరుతో, చెట్లు దాటకముందే, ఇంజను పూర్తి జోరులో ఉండగానే లాగేస్తున్నాడు.

"సార్, ఇయ్యాల ఎగరొద్దు. మూడో దాంట్ల వాల్వు కాలింది."

"నిన్న బాగానే ఎగిరింది కదయ్యా! చెప్పడానికి నీకేం లైసెన్సుంది?"

"లైసెన్సు లేదు గని, ఇంజను కాల్చిన అనుభవముంది సార్. బాయికాడ పంపు ఇంజనుకు కిరసనాయిలు మిగులుతదని, అది తక్కువ పారేటట్టు స్క్రూ బిగించిన. మా తండాల అందరం గట్లనే బిగిస్తం. వాల్వు మాడి రెండెకరాల మిర్చి ఎండింది. నేను నేల మీదున్న, బతికిన. అడవి మీద ఇంజను ఆగితే మీరు యాడ దిగుతరు?"

"నిన్ను పనిలోంచి తీయించేస్తా!"

"తీయించుండ్రి. ఇంజనీరు సారు చూసినంక నా మాట తప్పైతే నేనే పోత." భద్రు విమానం తాళంచెవి జేబులో వేసుకుని దాని ముందు నిలబడ్డాడు. భార్య మంగ్లికీ పిల్లలకీ ఆ జీతమే ఆధారం. అయినా కదల్లేదు.

కబురందుకుని మర్నాడే ఇంజనీరు వచ్చి సిలిండర్ విప్పాడు. వాల్వు అంచు ఎలుక కొరికిన రొట్టెలా ఉంది. మురళీకృష్ణ దాన్ని అరచేతిలో పెట్టుకుని, ఆ అంచు వెంబడి వేలితో తడిమి చూశాడు.

కొత్త సిలిండర్ వేశారు. ఇంజనీరు సంతకం పెట్టాడు.

"ట్రయల్‌కి నువ్వూ ఎక్కుతావా, భద్రూ?" మురళీకృష్ణ గొంతు మెత్తబడింది.

"ఎక్కకుంటే ఎట్ల సార్? బిగించింది నేనే గద!"

విమానం లేచింది. టేకు చెట్లు కిందికి జారుతుండగానే, అలవాటు కొద్దీ మురళీకృష్ణ చెయ్యి ఎర్ర నాబ్ మీదికి పోయింది. అప్పటికే అక్కడ, పక్క సీట్లోని భద్రు చెయ్యి ఉంది.

"ఇప్పుడే గాదు సార్. ఇంకా పైకి పోనియ్యుండ్రి."

"సరే. ఎప్పుడు లాగాలో నువ్వే చెప్పు."

"అవ్, చెప్త" అన్నాడు భద్రు, చెయ్యి తియ్యకుండా.