చెవి దగ్గర తూటా

శృంగవరపుకోట దగ్గర కొండవాలులో చేను చేసుకునే ఆ రైతుకి, అడవిపందుల బెడద వల్ల లైసెన్సు తుపాకీ ఉండేది. కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాల్లో మళ్లీ మందూ గుళ్లూ ఇంటి దగ్గరే నింపుకునేవాడు. నింపిన ప్రతి తూటానీ చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. లోపల గుళ్లు కదిలిన చప్పుడైతే విప్పేసి మళ్లీ నింపేవాడు. ఏటా లైసెన్సు పొడిగించమని అతనికి దరఖాస్తు రాసిపెట్టేది ఆ ఊరి బడిపంతులుగా ఉన్న నేనే.

అరవైల చివర్లో కొండల్లో నక్సలైట్ల గొడవలు మొదలయ్యాయి. పోలీసులు ఊళ్లలోని తుపాకులన్నీ స్టేషన్లో పెట్టించుకుని రసీదులిచ్చారు. అతను ఆ ఏడు కూడా దరఖాస్తు కోసం వచ్చాడు.

"తుపాకీయే లేదు కదయ్యా, ఇంకెందుకు?" అన్నాను.

"కాయితం బతికుంటే అదే తిరిగొస్తాది మేస్టారూ. రాసీండి."

నవ్వుకుంటూనే రాసిచ్చాను.

చేను కోతకొచ్చినప్పుడు రేకు డబ్బా వాయిస్తూ కాపలా కాశాడు. పంది పొడిచి చంపేసింది.

దినాలు అయ్యాక అతని భార్య మా ఇంటికి వచ్చింది. రసీదు నా చేతిలో పెట్టింది. కొంగులోంచి ఒక తూటా తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

"సప్పుడు లేదు మేస్టారూ" అంది. "బాగానే నింపినాడు."