సిర్గాపూర్ దారిలో లైట్లకు టోపీలు

డిసెంబరు, రెండో మంగళవారం. పొద్దున దట్టమైన మంచు, పది దాటాక పల్చటి ఎండ. బండికి అంటిన నల్లరేగడి కడిగాను. మడ్‌గార్డ్ లోపలి మట్టి నీళ్లకు రాలేదు, పుల్లతో గీకాల్సి వచ్చింది. మా ఇంటామె వచ్చి చూసి, "కొత్త లైట్లేవి?" అని అడిగింది. రాస్తాను, చదువుకొమ్మన్నాను.

నేను సంగారెడ్డిలో నీటి మోటార్లు బాగుచేస్తాను. ఏ రోజు ఖర్చు ఆ రోజు రాసుకోవడం అలవాటు. బండి మీద ఎక్కడికైనా వెళ్లొస్తే ఆ సంగతి ఇక్కడ రాస్తుంటాను. ఈసారి ప్రయాణానికి కారణం మోటారు తెచ్చిన ఒక రైతు మాట. చలికాలంలో తెల్లవారే వేళ నల్లవాగు ప్రాజెక్టు దగ్గర నీళ్ల మీద మంచు లేస్తుంటే చూడాలన్నాడు. "ఎనిమిది గొట్టినంక పోతె ఏముండది, ఉత్త నీళ్లే" అని కూడా అన్నాడు. అంటే చీకట్లో బయలుదేరాలి. అందుకని హ్యాండిల్ కింద చెరొక వైపు ఒక ఎల్‌ఈడీ లైటు బిగించుకున్నాను. చిన్నవే, గుప్పెట్లో పడతాయి. వెలుతురు మాత్రం లారీకి చాలేంత.

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి బయలుదేరాను. నాందేడ్ వెళ్లే హైవే పట్టుకుని జోగిపేట, పెద్దశంకరంపేట దాటి, నిజాంపేట దగ్గర ఎడమకు తిరిగితే నారాయణఖేడ్. నిదానంగా నడిపితే రెండున్నర గంటలు. బండి లేనివాళ్లకు హైదరాబాద్ నుంచి నేరుగా బస్సులున్నాయి. బస్టాండ్ దగ్గర లాడ్జిలో గది ఆరు వందలకు దొరికింది. వేడినీళ్లు కావాలంటే రాత్రే చెప్పాలి. పక్కనే చిన్న హోటల్లో జొన్నరొట్టె, పప్పు, పచ్చి ఉల్లిగడ్డ తిన్నాను. రొట్టెలు కొట్టే ఆమె పొద్దున ఎక్కడికని అడిగింది. నల్లవాగుకని చెప్పాను.

"నీళ్లు సూడనీకి గింత దూరం ఒచ్చినవా? మీ ఊర్ల నల్లా లేదా?"

నవ్వొచ్చింది. ఇంకో రొట్టె వేయమన్నాను.

సోమవారం ఐదు దాటాక బయలుదేరాను. ఊరు దాటి సిర్గాపూర్ దారి పట్టేసరికి మంచు ఎంత చిక్కగా ఉందంటే, రోడ్డు ఎక్కడ ఆగి చేను ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. రెండు పక్కలా కంది, పత్తి. కొత్త లైట్లు వేశాను. దారి కనిపించడానికి బదులు ఎదురుగా తెల్ల గుడ్డ కట్టినట్టయింది. మంచులో ఎక్కువ వెలుతురు వేస్తే అంతేనని అప్పుడు తెలిసింది. అయినా ఆర్పలేదు. ఆర్పితే ఆ కనిపించేది కూడా పోతుందేమోనని భయం.

కాసేపటికి ఎదురుగా మసక వెలుగు. లైటు దించమని ఆ బండి ఒకసారి డిప్పర్ కొట్టింది. మళ్లీ కొట్టింది. నేను హెడ్‌లైటు దించాను. కొత్త లైట్లకు దించడమంటూ లేదు, ఆర్పాల్సిందే. వాటి స్విచ్చు ఎక్కడుందో బొటనవేలికి ఇంకా అలవాటు కాలేదు. వెతుక్కుంటుండగానే ఎదుటి బండి నెత్తి మీద రెండు లైట్లు ఒక్కసారిగా వెలిగాయి. ఆ తర్వాత నాకు రోడ్డు లేదు. ముందు చక్రం మట్టిలోకి దిగింది, నేను కంది మొక్కల్లో పడ్డాను.

ఆగింది ఆటో. మఫ్లర్ చుట్టుకున్న డ్రైవరు దిగి పరుగున వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి.

"ఏందన్నా, లైట్లు పెట్టుకున్నవా, సూర్యున్నే కట్టుకొచ్చినవా?"

"నీ నెత్తి మీదియి ఏంది మరి?" అన్నాను.

"నువ్వు దించుతవని రెండు సార్లు కొట్టిన. దించలే. కండ్లు పోయినయ్ నాకు. ఇగ నేనేం జెయ్యాలె?"

ఆటోలోంచి ఆడగొంతు వినిపించింది. "పంచాది తర్వాత పెట్టుకోండ్రి. ముందుగాల ఆయనను లేపు విఠల్గా. బొక్కలు ఉన్నయో ఇరిగినయో సూడు."

బొక్కలు ఉన్నాయి. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. బండి హ్యాండిల్ వంకరపోయింది, హెడ్‌లైటు అద్దం పగిలింది. నడిపే వీలు లేదు. ఇద్దరం దాన్ని నెట్టుకుంటూ పక్క చేనులోని మోటారు గది వెనక పెట్టి, ఆటో ఎక్కాం. నారాయణఖేడ్‌లో కట్టు కట్టించుకుని, మెకానిక్‌ను తెచ్చుకోవాలని నా లెక్క.

లోపల కూర్చున్నామె విఠల్ అక్క, పేరు సాయమ్మ. సిర్గాపూర్ పక్క ఊరు వాళ్లది. తలకు ఉన్ని శాలువా, ఒడిలో రొట్టెల డబ్బా. వారానికి మూడు రోజులు ఆమె నారాయణఖేడ్ దవాఖానలో డయాలసిస్ మిషన్ మీద పడుకోవాలి. మొదటి వంతు ఆరున్నరకు. ఆలస్యమైతే మిషన్ తర్వాతివాళ్లకు ఇస్తారు, ఇక మధ్యాహ్నం దాకా ఆగాలి, అదీ ఖాళీ ఉంటేనే. "సోమారమే కష్టం" అంది ఆమె. "శనారం, ఐతారం రెండు దినాల నీళ్లు ఒంట్ల నిలవడ్తయ్. రాత్రంత కూసోనే ఉన్న. పండుకుంటె ఊపిరి ఆడలే." మాట మధ్యలో ఆగి గాలి పీల్చుకుని మళ్లీ మొదలుపెడుతోంది. ఆమె పాదాలు చెప్పుల్లో పట్టక మడమలు బయట ఉన్నాయి.

పైన లైట్లు ఎందుకు పెట్టించావని విఠల్‌ను అడిగాను.

"ముందటి లైటు రోడ్డు సూపియ్యదన్నా, చెట్ల కొసలు సూపెడ్తది. ఎనుక మనుషులు కూసుంటె ముందల లేస్తది గద. పందులు అడ్డమొస్తయ్. అక్కను ఏసుకొని పందికి గుద్దుతె నా బతుకేంగావాలె?"

ఊరి మొదటి ఇళ్లు కనిపించే చోట ఆటో ఆపాడు. సీటు కింది నుంచి రెండు గుడ్డ సంచుల్లాంటివి తీశాడు. నీలం బడి యూనిఫాం గుడ్డతో కుట్టి, మూతికి ఎలాస్టిక్ వేసి ఉన్నాయి. పైకెక్కి లైట్లకు తొడిగాడు.

"ఏందవి?"

"టోపీలు. మా ఆమె కుట్టింది. లైట్లు మూసి ఉంటె కేసు లేదంటరు."

"ఎవరంటరు?"

"అందరంటరు."

సాయమ్మ గొణిగింది. "లైట్లకు పెడ్తుండో, పోలీసోళ్లకు పెడ్తుండో వానికే తెల్వది."

వంద గజాలు పోకుండానే బ్యారికేడ్. ఎక్స్‌ట్రా లైట్ల మీద తనిఖీ జరుగుతోంది. కానిస్టేబుల్ చేయెత్తి ఆపాడు. ఆటో చుట్టూ ఒకసారి తిరిగి, చేయి చాచి ఒక టోపీ మీద అరచెయ్యి పెట్టాడు. తీయలేదు. రెండో చెయ్యి కూడా పెట్టాడు.

"గీ చలిల నా చెవులే గడ్డ కట్టినయ్. నీ లైట్ల టోపీ గింత ఎచ్చగ ఎట్లున్నదే?"

"ఇంజన్ వేడి సార్."

"ఇంజన్ ఎనుక ఉంటది. ఇది నెత్తి మీద ఉన్నది. లైట్లకు పెట్టినవ్ సరే, నాకు గూడ టోపీ పెడ్తున్నవా?"

"అక్కకు దవాఖానల ఆరున్నరకు ఉన్నది సార్" అన్నాడు విఠల్. అంతకు ముందోసారి కూడా ఇతన్ని ఇక్కడే పట్టుకుని, విప్పెయ్యమని చెప్పి వదిలారట. "రెండోసారి గిది. బండి ఠాణల పెట్టు. అక్కను ఇంకో ఆటోల పంపిస్త" అన్నాడు కానిస్టేబుల్. రోడ్డు అటూ ఇటూ చూశాం. ఆ మంచులో ఇంకో ఆటో లేదు. అప్పుడు అతని చూపు నా మోకాలి మీద పడింది.

"నీకేమైంది? ఈ లైట్లకేనా పడ్డది? ఫిర్యాదు ఇస్తవా? ఇస్తె మాత్రం బండి ఇప్పట్ల బయటికి రాదు."

విఠల్ మంచులోకి చూస్తున్నాడు. సాయమ్మ డబ్బా మూత తీసి మళ్లీ పెట్టింది. నా బండి ఎక్కడో మోటారు గది వెనక ఉంది, దాని లైట్లు ఇక్కడ ఎవరికీ కనిపించవు. ఏమీ తగల్లేదు, జారిపడ్డానని అంటే సరిపోయేది. ఈ ఆటో లైట్లకే పడ్డానని అన్నా అబద్ధం కాదు. నేను మామూలుగానే తక్కువ మాట్లాడే మనిషిని. తక్కువ మాట్లాడితే సగం నిజం చెప్పి ఊరుకోవడం ఎంత సులువో అక్కడ తెలిసింది.

"ఈయన లైట్లు నా కండ్లల్ల కొట్టినయ్" అన్నాను. "నా బండికి గూడ రెండున్నయ్. అవి ఈయన కండ్లల్ల కొట్టినయ్. దించమని రెండు సార్లు సైగ జేసిండు. నేను వాటిని ఆర్పలే. ముందుగాల ఏసింది నేనే. ఫిర్యాదు ఇయ్య."

కానిస్టేబుల్ ఫోన్ తీశాడు. "అరే, సాక్షివనుకుంటె నువ్వు గూడ ముద్దాయివే గదన్నా! బండి నంబర్ చెప్పు."

చెప్పాను. ఇద్దరికీ ఫోన్‌లో చలానా రాశాడు. ఆటో పైవి ఇక్కడే విప్పాలన్నాడు, నావి విప్పుకుని సాయంత్రం లోపల తెచ్చి చూపించాలన్నాడు. విఠల్ దగ్గర స్పానర్ ఉంది. నేను ఒకటి, అతనొకటి విప్పాం. పెట్టడానికి చోటు లేక సాయమ్మకు ఇచ్చాం. ఆమె రెండింటినీ టోపీలతో సహా అరచేతుల మధ్య పట్టుకుంది.

"ఇన్నొద్దులకు పనికొచ్చినయ్. ఎచ్చగున్నయ్. చేతులు చల్లగుంటె సూదికి నరం దొరకదని తిడుతది సిస్టరమ్మ."

"సార్, ఇగ ఎల్లుండి పొద్దుగాల నేనెట్ల నడపాలె? నాకు రోడ్డు కానరాదు" అన్నాడు విఠల్. అడిగింది న్యాయమే. కానిస్టేబుల్ హెడ్‌లైటు వేయించాడు. వెలుతురు రోడ్డును వదిలేసి కరెంటు స్తంభం పైభాగం మీద పడింది.

"గిది దించుకుంటె గవ్వి ఎందుకే నీకు? అన్నా, నువ్వు పోయి ముందట నిలబడు. దెబ్బ తిన్న కన్ను నీదే గద, కొలత గూడ నీదే."

కుంటుకుంటూ వెళ్లి ఆటోకు ఎదురుగా, కొంచెం దూరంలో నిలబడ్డాను. విఠల్ స్క్రూ తిప్పుతున్నాడు. "ఇంక కండ్లల్ల కొట్టబట్టె" అన్నాను. మళ్లీ తిప్పాడు. "ఇంక జర కిందికి." సాయమ్మ లోపలి నుంచి, "కన్ను కొలతలు జల్దీ కానియ్యండ్రి, నా మిషిని మీద ఇంకోరు పండుకుంటరు!" అని కేకేసింది. ఇంకో రెండు చుట్లు తిరిగాక వెలుతురు నా ముఖం మీంచి దిగి, చొక్కా మీంచి జారి, కాళ్ల ముందు రోడ్డు మీద పరుచుకుంది. గులకరాళ్లు ఒక్కొక్కటి విడిగా కనిపించాయి. అప్పుడే విఠల్ ముఖం కూడా కనిపించింది. అంతసేపూ ఆ లైటు వెనక మనిషి ఉన్నట్టే నాకు తెలియలేదు.

"సూడు సార్, రోడ్డు కానొస్తుంది!" అన్నాడు విఠల్, తన ఆటోను కొత్తగా చూస్తున్నవాడిలా.

దవాఖాన మెట్ల దగ్గరికి చేరేసరికి లోపల సాయమ్మ పేరు పిలుస్తున్నారు. ఆమె లైట్లు నా చేతిలో పెట్టి, తమ్ముడి భుజం పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ లోపలికి వెళ్లింది. తలుపు దగ్గర వెనక్కి తిరిగి, "నీళ్లు సూసి పో. పోకుంటె పడ్డది దండుగ" అంది. నేను కట్టు కట్టించుకుని, విఠల్‌కు అతని లైట్లు, ముప్పై రూపాయల కిరాయి ఇచ్చాను. లెక్కగా తీసుకున్నాడు. బస్టాండ్ దగ్గర మెకానిక్‌ను కూడా అతనే చూపించాడు.

మెకానిక్‌తో మోటారు గది దగ్గరికి తిరిగి వెళ్లి, హ్యాండిల్ సరిచేసి, అద్దం మార్చి, నా లైట్లు విప్పేసరికి పది దాటింది. సాయమ్మ మాట తీసెయ్యలేక నల్లవాగు వెళ్లాను. మంచు పోయింది, రైతు చెప్పినట్టు ఉత్త నీళ్లే. కట్ట మీద కూర్చుని చాలాసేపు చూశాను. కొంగలు ఒడ్డు వెంట నడుస్తున్నాయి. మధ్యాహ్నపు ఎండ నీళ్ల మీద పడి తిరిగి కళ్లలోకి కొడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. తిరుగుదారిలో బ్యారికేడ్ దగ్గర వేరే కానిస్టేబుల్ ఉన్నాడు. హ్యాండిల్ కింద ఖాళీ చోటు చూపించి, లైట్లు సంచిలోంచి తీసి చూపించి వచ్చాను.

ఇంటికొచ్చాక మోటారు వాహనాల నిబంధనలు తీసి చదివాను. టోపీ మాట ఎక్కడా లేదు. బండి ముందు స్పాట్‌లైటు బిగించకూడదు. ప్రత్యేకమైన అవసరం ఉండి, రిజిస్ట్రేషన్ అధికారి ముందే ఒప్పుకుంటే తప్ప. ముందు లైటు వెలుతురు, ఎదుట నిలబడ్డ మనిషి కళ్లు చెదరనంతగా కిందికి వంగి ఉండాలి. ఆ రెండో మాట దగ్గర ఆగిపోయాను. ఇన్నాళ్లూ లైటంటే నాకు ఎంత దూరం కనిపిస్తుందన్నదే లెక్క. నిబంధన రాసినవాళ్లు మాత్రం ఎదురొచ్చేవాడి కంటి దగ్గర నిలబడి రాశారు. ఆ దారిలో విఠల్‌ది భయం, నాదీ భయమే. ఎవరి భయానికి వాళ్లు ఒక లైటు పెంచుకుంటూ పోయాం. మధ్యలో, ఊపిరి ఆడక కూర్చున్న ఒక మనిషి వంతు పోయేదే.

నల్లవాగుకు తెల్లవారుజామున వెళ్లాలనుకునేవాళ్లకు ఒకటే చెప్తాను. కొత్త లైట్లు కొనకండి. బయలుదేరే ముందు రోజు, బండి మీద ఎంత బరువుతో వెళ్తారో అంత బరువు పెట్టి, ఇంట్లో ఒకరిని ఎదురుగా నిలబెట్టి ఉన్న హెడ్‌లైటునే సరిచేసుకోండి. ఒంటరిగా చేస్తే కుదరదు. మన లైటు ఎక్కడ పడుతోందో సీటు మీద కూర్చున్న మనకు తెలియదు.

నా బండికి వేసిన కొత్త అద్దం ఎలా కూర్చుందో ఇంకా చూడలేదు. చీకటి పడింది. ఇంతవరకు రాసింది చదివి మా ఇంటామె వెళ్లి గేటు అవతల రోడ్డు మీద నిలబడింది. "లైటు ఏస్తవా లేదా? దోమలు కుడుతున్నయ్" అంటోంది. స్క్రూడ్రైవరు తీసుకుని లేస్తున్నాను.