సైదులన్న దగ్గర నేర్చిన నాచు పని

గాజు మీద బ్లేడు పెట్టి గీరగానే తడి నాచు పచ్చివాసన లేస్తుంది. సూర్యాపేటలో సొంతంగా చేపల దుకాణం పెట్టి ఇన్నేళ్లయినా ఆ వాసనకు నా నోరు చేదెక్కుతుంది. వెంటనే సైదులన్న గుర్తొస్తాడు.

డిగ్రీ అవగానే కోదాడలో ఆయన అక్వేరియం దుకాణంలో పనికి చేరాను. నిడమనూరు వైపు గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినవాడు. నీటిమొక్కల తొట్లంటే ప్రాణం. మొదటి రోజే నేను నాచు మందు సీసా అందుకోబోతే చేతిమీద కొట్టినంత పని చేశాడు. "మందుతోని నాచు సస్తది. సచ్చింది కుళ్లి నీళ్లల్ల గాలి లేకుండ జేస్తది, చేపలు గూడ పోతయ్. లైటు తగ్గియ్, మేత తగ్గియ్, వారం వారం నీళ్లు మార్సు. మంద నిండుగుంటె గడ్డి బలుస్తదా? మొక్కలు నిండుగుంటె నాచుకేం మిగుల్తది?" అన్నాడు. ఆయన మాట నాకు వేదం.

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు యజమాని ఇంటి హాల్లో పెద్ద తొట్టి ఉండేది. ఎంత శుభ్రం చేసినా వారానికే పచ్చగా మారేది. కారణం నేను కళ్లారా చూశాను. యజమాని తల్లి పొద్దున్నే తొట్టిలో గుప్పెడు నూకలు చల్లేది. "మిల్లున్న ఇంట్ల మూగజీవాలు పస్తుండొద్దు బిడ్డా" అనేది.

"అన్నా, అవ్వకు చెప్దాం" అన్నాను.

"పెద్దోళ్ల ఇల్లు. ఆమె చెయ్యి పట్టుకుంటవా?" అన్నాడు.

ఆదివారం ఇంట్లో ఫంక్షన్, అప్పటికి తొట్టి అద్దం మెరవాలని యజమాని గట్టిగా చెప్పాడు. శుక్రవారం సైదులన్న ఆ మందే తెచ్చి, రెండింతలు పోశాడు. అదేంటన్నా అంటే, "ఇయ్యాల నోరు మూసుకో" అన్నాడు.

మర్నాడు పొద్దున ఫోను వస్తే ఉరికాం. అవ్వ చచ్చిన చేపలను పళ్లెంలోకి ఎత్తుకుని నేల మీద కూర్చుంది. యజమాని నోరు తెరవకముందే సైదులన్న నా వైపు చెయ్యి చూపాడు. "ఈ పిల్ల తెల్వక పోసింది సార్."

అవ్వ నన్ను చూసింది. "నీకు చేతులెట్లొచ్చినయ్ బిడ్డా?"

పోసింది నేను కాదని చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. తిరుగు ప్రయాణంలో నేరేడుచర్లలో టీ ఇప్పించి, "పిల్లలున్నోణ్ణి, అర్థం జేస్కో" అన్నాడు. నేను అర్థం చేసుకోలేదు. వారం తిరక్కుండానే, చేపల్ని చంపిన పిల్లను చూస్తే గిరాకీ రాదని నన్ను పనిలోంచి తీసేశాడు. నోరు మూసుకున్నందుకు దక్కింది అదీ.

ఇప్పుడు ఎంత పెద్ద ఇంటికి వెళ్లినా, మేత తగ్గించండని మొహం మీదే చెప్తాను. కొందరు మళ్లీ పిలవరు, పిలవకపోనీ. తొట్టి తేటపడ్డాక, ఈ పని ఎవరు నేర్పారమ్మా అని అడుగుతారు. ఎవరూ లేరు, నేనే నేర్చుకున్నానంటాను. నాచు పనితో పాటు ఈ అబద్ధమూ ఆయన దగ్గర నేర్చుకున్నదే.