తోటకూర మడిలో ఉమ్మెత్త

కోవిడ్ డ్యూటీలు ముగిసిన మరుసటి ఏడాది, జూలై నెల. బిలాస్‌పూర్ రైల్వే ఆసుపత్రిలో నేను చీఫ్ ఫార్మసిస్టుని; రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుంది. ఒకేలా కనిపించే మందుల పెట్టెలు రెండు ఒకే అరలో ఉండకూడదన్నది మా పనిలో మొదటి నియమం. మందు తీసేటప్పుడు, ఇచ్చేటప్పుడు, తిరిగి పెట్టేటప్పుడు మూడుసార్లు లేబులు చదవాలి. చదవని జూనియర్లని చెడామడా తిట్టేదాన్ని.

క్వార్టరు పెరట్లో మాత్రం నా కళ్లే చాలనుకున్నాను. ఆ పొద్దున డ్యూటీకి బయలుదేరే ముందు, ఒత్తుగా మొలిచిన తోటకూర మడిలోంచి లేత మొక్కలు గుప్పెళ్లతో పీకి రెండు కట్టలు కట్టాను. ఒకటి పక్క క్వార్టరు వరాలమ్మ పిన్నికిచ్చాను. రెండోది సాయంత్రం వండుకుందామని వంటింట్లో ఉంచాను.

మధ్యాహ్నం పిన్నిని మా ఆసుపత్రికే స్ట్రెచర్ మీద తెచ్చారు. ముఖం ఎర్రగా కందిపోయింది. గాల్లోంచి లేని దారం లాగుతోంది, పక్కనున్న కోడలు సునీతని పోల్చుకోవడం లేదు. డాక్టరుగారు మెదడువాపేమోనని చూస్తున్నారు. దగ్గరికెళ్లి ఆవిడ కంటిపాపలు చూశాను. కళ్ల పరీక్షకు ముందు చుక్కల మందు వేసినట్టు విప్పారి ఉన్నాయి. ఆ మందు నా బీరువాలో తాళం వేసి ఉంటుంది. కంటిపాపల్ని విప్పార్చే ఆ గుణమే ఉమ్మెత్తలోనూ ఉంది.

ఏం తిన్నారని సునీతని అడిగాను.

“ఏటి తింటాది ఆంటీ, పొద్దున్న మీరిచ్చిన తోటకూర భాజీయే. నేనింకా తినలేదు, అత్తమ్మ తినీసింది.”

జూనియర్లందరూ అక్కడే ఉన్నారు. చెప్పకుండా ఊరుకుందామా అని ఒక్క క్షణం అనిపించింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. ఉమ్మెత్త కలిసి ఉండొచ్చని, ఇచ్చింది నేనేనని డాక్టరుగారికి చెప్పి, ఇంటికి పరుగెత్తి రెండో కట్ట తెచ్చాను. బల్ల మీద విప్పి ఒక్కో మొక్కా నలిపి చూశాం. పదకొండు మొక్కలు వెగటు వాసన కొట్టాయి. పశువుల ఎరువుతో ఉమ్మెత్త విత్తనాలు వచ్చి ఉంటాయి. వెంటనే విషానికి వైద్యం మొదలుపెట్టారు.

మూడో రోజుకి పిన్ని తేరుకుంది. నేను కాళ్లు పట్టుకోబోతే, “ఊరుకోవే పిల్లా, బతికీసేను కదా. ఈసారి కూరిస్తే ముందు నువ్వు తిను” అంది.

తోటకూర ఆకు కొసన చిన్న నొక్కు ఉంటుంది, ఉమ్మెత్తకి ఉండదు. ఆ తేడా నాకు ముందే తెలుసు, చూడలేదు, అంతే. ఇప్పుడు మొక్కలు ఒక్కొక్కటిగా పీకుతాను, కొస చూస్తాను, ఆకు నలిపి వాసన చూస్తాను. పిన్నికిచ్చే కూరలో కొంత ముందురోజే మా ఇంట్లో వండుకుని తింటాను.