కాల్చి తీసిన కామ

కొత్తకోటలో హైవే పక్కన ఉన్న పాత ఇనుము దుకాణంలో నేను పనిలో చేరింది పదిహేనేళ్ళ కిందట, శివరాత్రి పోయిన వారానికి. అంతకుముందు ఆ చోట మా ఆయన కూర్చునేవాడు. ఆయన పోయిన నెలకు సేటు పిలిపించాడు. "నర్సమ్మా, నీ పెనిమిటి జాగల కూసో. ఏరుడు వస్తే ఏరు, రాకుంటే చీపురు పట్టు," అన్నాడు. ఏరడం నాకు వచ్చు. చదువు రాదు గానీ ఇనుము తెలుసు. ఏళ్ళ తరబడి మా ఆయనకు సద్ది తీసుకుపోయి, ఆయన తినేంతసేపూ ఆ కుప్ప ముందే కూర్చున్నదాన్ని.

అక్కడ అందరికంటే పైన సేటు. ఆయన కింద తూకం వేసే కాంటవాడు. వాడి కింద ఏరేవాళ్ళం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఊళ్ళు తిరిగి ఉల్లిగడ్డలకు పాత ఇనుము కొనే బేరగాళ్ళు బస్తాలు తెచ్చి కుమ్మరిస్తే, పోత ఇనుము ఒక కుప్ప, మామూలు ఇనుము ఒక కుప్ప చేసి హైదరాబాద్ లారీకి సిద్ధం చేయాలి. అందులో ఇంకా ప్రాణమున్న గొడ్డలో, బాడిసో, ఉలో కనబడితే పక్కన పెట్టాలి. వాటిని సేటు విడిగా అమ్ముకునేవాడు. ఏది పక్కన పెట్టాలో తేల్చే అధికారం మాత్రం ఏరేవాళ్ళదే. సేటు కూడా అందులో వేలు పెట్టేవాడు కాదు.

పాత గొడ్డలిని ఎట్లా గుర్తుపడతావని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. మొదట చెవితో. దారానికి వేలాడదీసి మేకుతో కొడితే మంచిది గంటలాగా చాలాసేపు మోగుతుంది. పగులున్నది ఒక్కసారి డొక్కుగా మోగి ఊరుకుంటుంది. ఆ తర్వాత అంచు చూడాలి. పాతకాలం కమ్మరులు గొడ్డలి మొత్తం ఉక్కుతో చేసేవాళ్ళు కాదు. ఒళ్ళంతా మెత్తటి ఇనుము, నరికే అంచుకు మాత్రం వేలెడంత ఉక్కు పెట్టి అతికేవాళ్ళు. ఇటుక పొడితో రుద్ది చింతపండు పులుసు రాస్తే కాసేపటికి ఆ అతుకు గీతలాగా పైకి తేలుతుంది. గీత రాలేదంటే అది మా కొత్తకోట మెకానిక్కుల దగ్గర దొరికే లారీ కమాన్ పట్టీతో కొట్టిన కొత్త సరుకు. అదీ నరుకుతుంది, కాదనను. పాతది మాత్రం కాదు.

ఇక కామ. గొడ్డలికి తొడిగే కర్రను మేము కామ అంటాం. లారీలో ఇనుముతో పాటు కట్టె పోకూడదు. అందుకని కామ ఉన్న సరుకునంతా చెత్తమంటలో వేసి కర్ర కాల్చేవాళ్ళు. మా ఆయన మాత్రం పక్కన పెట్టినవాటిని మంట దగ్గరికి పోనిచ్చేవాడు కాదు. కామను రంపంతో కోసి, లోపల బిగిసిన ముక్కను బర్మాతో తొలిచి, మెల్లగా తట్టి తీసేవాడు. ఒక్కోదానికి అరగంట.

"బాలింతకు చేసినట్టు చేస్తున్నవ్ దానికి," అని ఎగతాళి చేసేదాన్ని.

"నువ్వు పోయి సద్ది గిన్నె కడుక్కో," అని నవ్వేవాడు.

ఎందుకట్లా చేస్తున్నావని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. చాదస్తం అనుకున్నాను.

నేను చేరిన రెండో నెలలో, అచ్చంపేట వైపు తిరిగే బేరగాడి బస్తాలో నాలుగు గొడ్డళ్ళు వచ్చాయి. బరువూ అంచూ చూసి నాలుగూ పక్కన పెట్టాను. విరిగిన కామలు లోపల బిగుసుకుపోయి ఉన్నాయి. బయట లారీ నిలబడి ఉంది, కాంటవాడు అరుస్తున్నాడు. ఒక్కోదానికి అరగంట కూర్చునే తీరిక లేక నాలుగింటినీ మంటలో వేశాను. కామలు బూడిదయ్యాయి, గొడ్డళ్ళు సులువుగా చేతికొచ్చాయి. మా ఆయన ఇంత సులువు పనికి అంత కష్టపడ్డాడేమిటి అనుకున్నాను కూడా.

వారం తిరగకముందే ఒకామె వచ్చింది. నల్లమల అడవిలో పెంట అని పిలిచే చెంచుల గూడెంలో ఉంటుంది, పేరు లింగమ్మ. నాగర్‌కర్నూల్‌లో ఒక బస్సు, వనపర్తిలో ఒక బస్సు మారి, బేరగాడు చెప్పిన గుర్తులు పట్టుకుని దారి అడుగుతూ వచ్చింది.

"అక్కా, గొడ్డలి కోసం వచ్చిన. మా ఆయనది. ఆయన పోయి ఏడాదైంది. నా అల్లుడు దాన్ని ఉల్లిగడ్డలకు ఇచ్చిండు. నాలుగు దినాల కూరకు మామను అమ్మిండు, బాడుకావు."

"ఇంకోటి తీస్కపో చెల్లె. మంచివే ఉన్నయి."

"మా ఆయన ఎడమచేతోడు. కొడుకు గూడ అంతే. వేరేది వాని చేతికి ఆనది, అడ్డం పోతది. తేనెకు పొయ్యే దినాలొచ్చినయి. చెట్టు మీద గొడ్డలి అడ్డం పోతే ఏమైతదో నీకేమెర్క?"

సరే, గుర్తేమిటని అడిగాను. కామకు పైదిక్కు మూడు గీట్లున్నాయంది.

"కామ లేదు చెల్లె. కాల్చిన."

"ఉన్నయన్ని చూపియ్," అంది.

ఇంకా అమ్ముడుపోని ఆ నాలుగు గొడ్డళ్ళనూ ఆమె ముందు పెట్టాను. ఇనుము ముఖం చూసి ఆమె చెప్పలేకపోయింది. మనిషి చేతిలో ఉన్నప్పుడు చూసిన గొడ్డలి వేరు, నేల మీద ఉత్త తలకాయ వేరు. పులుసు రాశాను. రెండింటికి గీత రాలేదు, అవి కమాన్ పట్టీవి. ఆయన గొడ్డలి వాళ్ళ తాతల నాటిదని ఆమె ముందే చెప్పింది కాబట్టి వాటిని తీసేశాను. మిగిలిన రెండింటినీ అంచు నా కంటికి ఎదురుగా పెట్టుకుని చూశాను. సానరాయి మీద నూరేటప్పుడు కుడిచేతివాడు గొడ్డలికి ఒక చెంపను ఎక్కువ అరగదీస్తాడు, ఎడమచేతివాడు రెండో చెంపను. ఒకటి కుడిది. ఇంకొకటి ఎడమది. ఎడమదాన్ని ఆమె చేతిలో పెట్టాను.

ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని, వంచి, బరువు చూసింది. "ఇదే," అంది. కొంగులో చుట్టేసింది.

పంపే ముందు సరుకు అంచును ఆకురాయితో ఒకసారి గీసి చూడటం మా పద్ధతి. గట్టి ఉక్కు మీద ఆకురాయి జారిపోతుంది. అడిగి తీసుకుని గీశాను. జారలేదు. రజను రాలింది. మెత్తబడిపోయింది. కమ్మరి ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి అంచుకు తెచ్చిన గట్టిదనాన్ని నా మంట తీసేసింది. మా ఆయన రంపం ఎందుకు పట్టేవాడో నాకు అప్పుడు తెలిసింది.

చెప్పకపోతే ఆమెకు తెలియదు. బస్సెక్కి పోయేది. మొదటి దెబ్బకు అంచు మడతపడేది, అప్పుడు ఆ కొడుకు చెట్టు మీద ఉండేవాడు. చెప్పాను.

"అల్లుడు అమ్మిండు, నువ్వు కాల్చినవ్," అంది లింగమ్మ. "ఇద్దరు మంచిగ దొరికిన్రు నాకు."

ఇద్దరం సంతవీధి వెనక ఉండే ముసలి కమ్మరి ఆచారి దగ్గరికి పోయాం. ఆయన గొడ్డలి తిప్పి చూసి నన్ను అడిగిన మొదటి మాట: "ఈ పని నీ పెనిమిటి ఎన్నడన్న చేసిండా నర్సమ్మా?" లేదన్నాను.

అంచుకు ఉక్కు గోరంతే మిగిలిందని, మళ్ళీ కాల్చి ముంచితే గట్టిపడవచ్చు, పగలవచ్చని చెప్పాడు. పగిలితే ఇక చేసేదేమీ లేదన్నాడు. ఆ మాట నా ముఖం చూసి కాదు, ఆమె ముఖం చూసి చెప్పాడు.

"పగిలితే పగలనియ్. మెత్తది నాకెందుకు?" అంది. తానే తిత్తి దగ్గర కూర్చుని గాలి కొట్టింది.

ఎండలో నిప్పు రంగు సరిగ్గా తెలియదు. ఆచారి తలుపు దగ్గరికి వేసి చీకటి చేసుకున్నాడు. అంచు మోదుగు పువ్వు రంగుకు రాగానే రెండు వేళ్ళ మందం మాత్రం నీళ్ళలో ముంచాడు. బుస్సుమంది. వెంటనే టిక్కుమని చిన్న చప్పుడు. ముగ్గురం విన్నాం. బయటికి తీస్తే ఒక మూల గింజంత ముక్క ఊడింది. మిగిలిన అంచు నిలిచింది. పెళుసు పోవడానికి మళ్ళీ సన్నగా వెచ్చచేసి, ఎండుగడ్డి రంగు తిరిగాక ఆపి, ఊడిన మూలను నూరి సాపు చేశాడు. ఆకురాయి పెడితే జారిపోయింది.

నేను ఆ మూలనే చూస్తున్నాను. లింగమ్మ వేలితో తడిమి, "మా ఆయనకు గూడ ముందటి పన్ను లేకుండె," అంది. ఆచారి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

కామ వేయించి ఇస్తానంటే వద్దంది. గీట్లు కొడుకు పెట్టుకుంటాడట. వనపర్తి బస్సు ఎక్కించి వచ్చాను.

మొన్న దసరాకు పని మానేసేదాకా పక్కన పెట్టిన ఏ గొడ్డలినీ నేను నిప్పులో వేయలేదు. పనిముట్టును తూకానికి వేసే ముందు ఎవరిదని బేరగాణ్ణి అడిగేదాన్ని. కామను కోసి, తొలిచి, తట్టి తీసేదాన్ని. ఒక్కోదానికి అరగంట పట్టేది. సేటు తిట్టేవాడు. తిట్టనిచ్చాను. ఆ కుప్ప దగ్గర నా తర్వాత కూర్చున్న పిల్లకు రంపం అప్పజెప్పేటప్పుడు, ఎందుకో కూడా చెప్పి ఇచ్చాను.