తరుగు లేని నకలు

కొలతలు నేను ఎక్కడా చదువుకోలేదు. చెరువు కట్టకు ఎన్ని ట్రాక్టర్ల మట్టి పడుతుంది, కంచెకు ఎన్ని రాతి కడీలు కావాలి అని అడిగితే చెప్పగలిగేంత లెక్క చేస్తూ చేస్తూ వచ్చింది. ఇన్నేళ్లలో ఒక్క సంగతి మాత్రం నా మనసులో గట్టిపడింది. దేన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చినా కొంత తరుగుతుంది. వడ్లు ఒక బస్తాలోంచి ఇంకో బస్తాలో పోస్తే గుప్పెడు నేలపాలు. ఒకే గట్టును టేపుతో రెండుసార్లు కొలిస్తే జానెడు తేడా. తరుగు చూపించని లెక్కను నేను నమ్మేవాణ్ణి కాదు.

ఆ నమ్మకం దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఉన్న ఒక గూడెంలో సడలింది.

అక్కడొక ముసలవ్వ పట్టా కోసం దరఖాస్తు పెట్టుకుంది. తన చేను హద్దులు తానే నడిచి చూపిస్తే, ఆ వీడియోను మరునాడు గ్రామసభలో అందరి ముందూ వేయాలి. గూడెం కమిటీలో ఉన్న ఆమె కోడలు ట్యాబ్ పట్టుకుని వెనకే నడుస్తూ తీసింది. నన్ను పిలిచింది కొలతకు. నేను అడుగులు లెక్కపెట్టాను. ఆరు వందల ఎనభై మూడు అడుగులు, ఇరవై ఆరు నిమిషాలు. ఆఖరి మూల దగ్గర అవ్వ మోకాలు పట్టుకుని కూలబడింది.

"ఇంగ నాతోని కాదు బిడ్డా. మల్ల నడువుమంటే మోసుకపోవాలె."

ఇప్పచెట్టు కిందికి చేరాక కోడలు అసలు మాట చెప్పింది. ట్యాబ్‌కు చార్జింగ్ పిన్ను పెట్టే చోటు పొద్దున విరిగింది. అందులో మిగిలిన చార్జింగ్ తొమ్మిది శాతం. వైరు పట్టదు కాబట్టి వైరుతో నా ఫోన్‌లోకి తీసుకోవడం కుదరదు. మెమరీ కార్డుకు చోటే లేదు. రిపేరుకు భద్రాచలం తీసుకెళితే గ్రామసభ దాటిపోతుంది. ఇక మిగిలింది గాలిలో పంపడం.

వెంటనే ట్యాబ్‌లో పొదుపు మోడ్ వేశాను. ఉన్నదాన్ని జాగ్రత్త చేయడం నా మొదటి అలవాటు. తర్వాత పంపే గుర్తు నొక్కాను. 'దగ్గర్లోని వాటిని వెతుకుతోంది' అంటూ ఒక చక్రం తిరిగింది. నా ఫోన్ పేరు రాలేదు. బ్లూటూత్ చూశాను, వైఫై చూశాను, లొకేషన్ చూశాను. అన్నీ రెండింటిలోనూ వేసే ఉన్నాయి. ఆపి మళ్లీ వేశాను. ఎనిమిది శాతం.

"ఈడ సిగ్నల్ లేదన్నా. బండ మీదికి పోదాం పా," అంది కోడలు.

గూడెంలో ఎవరు ఫోన్ మాట్లాడాలన్నా ఎక్కేది ఆ బండే. దీనికి టవరుతో పని లేదని తెలిసి కూడా నేను ఎక్కాను. పైన ఆమె ట్యాబ్ తీసుకుని అవతలి కొసకు నడిచింది.

"అంత దూరం ఎందుకమ్మా?"

"పక్కపక్కన ఉంటే ఫోన్ ఎందుకన్నా? దూరం ఉంటెనే గద పంపేది!"

నవ్వొచ్చింది. అక్కడా చక్రం తిరుగుతూనే ఉంది. దిగి వచ్చేసరికి అయిదు శాతం.

"ఏమాయె? మొగులును అడిగొచ్చినరా?" అంది అవ్వ ఆకాశం వైపు చూపిస్తూ.

రెండు రాళ్ల మీద రెండింటినీ జానెడు దూరంలో పెట్టి కూర్చున్నాను. చక్రం తిరుగుతూనే ఉంది. నిమిషాలు లెక్కేస్తే ఇంకో పావుగంటలో ట్యాబ్ ఆగిపోతుంది. అవ్వ ముందుకు వంగి చూసింది.

"గీ దాని బొట్టు పచ్చగున్నది, నీ దానిది తెల్లగున్నది. గదేంది?"

ఆమె చూపించింది పైమూలనున్న బ్యాటరీ గుర్తు.

"పొదుపు పెట్టిన అవ్వా, చార్జింగ్ ఒడువకుంట."

"పొదుపు పెడితే ఏం చేస్తది?"

"తక్కువ పని చేస్తది."

"తక్కువ పని చెయ్యుమని నువ్వే చెప్తివి. మల్ల చేస్తలేదని దాని మీద కోపమేంది?"

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు చెవులు వేడెక్కాయి. వెతకడం కూడా పనే. ఆ పనికి కళ్లెం వేసింది నేనే. నాలుగు శాతం ఉన్నప్పుడు పొదుపు తీసేయడానికి నా వేలు కాసేపు ఒప్పుకోలేదు. తీసేశాను. నాలుగు క్షణాల్లో నా ఫోన్ పేరు వచ్చింది.

పంపాను. ఒకటి, రెండు, ఏడు, పన్నెండు... అంకె పెరుగుతోంది. రెండు రాళ్ల మధ్య ఏమీ లేదు, ఎండ తప్ప. ఒక చీమ అడ్డం పోయింది. అవ్వ చెయ్యి చాచి ఆ సందులో పెట్టింది, పొయ్యి మీద సెగ చూసినట్టు.

"ఇందులకెళ్లే పోతున్ననా నేను?"

"అవ్ అవ్వా."

"ఏం తగుల్తలేదు గదరా!"

ఆమె చెయ్యి అలాగే ఉండగానే నూరు అయింది. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ట్యాబ్‌లో రెండు శాతం ఉంది. అది ఆగేలోగా రెండు చోట్లా ఫైలు కొలత తెరిచాను. ఫైలును కొలిచే గింజను బైటు అంటారు. అటు తొంభై మూడు కోట్ల నలభై ఒక్క లక్షల యాభై రెండు వేల ఆరు వందల ఎనిమిది. ఇటు కూడా అంతే. కోట్ల నుంచి ఒకట్ల దాకా వేలితో తాకుతూ రెండుసార్లు చదివాను. తొంభై మూడు కోట్ల గింజలు గాలిలో దాటాయి, ఒక్కటీ ఒలకలేదు. నా జీవితంలో రెండు కొలతలు అలా కలవడం చూడలేదు.

ట్యాబ్ నల్లబడింది.

మరునాడు గ్రామసభలో గోడ మీద వీడియో వేశారు. నేను మళ్లీ అడుగులు లెక్కపెట్టాను. ఆరు వందల ఎనభై మూడే. హద్దులకు ఎవరూ అడ్డు చెప్పలేదు. గోడ మీద అవ్వ ఆఖరి మూలకు వచ్చి మోకాలు పట్టుకుని కూలబడింది. ముందు వరుసలో కుర్చీలో ఉన్న అవ్వ ఆమెను చూసి, కర్ర నేలకు తాటించి అంది.

"ఒడిసింది పో. ఇంగ లెవ్వు."