ఫెజెంట్లు తక్కువైన ఏడాది

మా చిన్నప్పుడు... ఆగస్టు ఆఖర్లో ఓ తెల్లారుజామున, డోరతీ ఆంటీ పాత పికప్ ట్రక్‌లో ఆవిడా, అమ్మా, నేనూ ముగ్గురం మాటా పలుకూ లేకుండా కూర్చున్నాం. ఆంటీ ఇంజిన్ ఆపి అద్దాలు దించింది. ఎదురుగా కంకర రోడ్డు, రెండు పక్కలా బార్లీ చేలు, గడ్డి నిండా మంచు బొట్లు...

"గడ్డి తడిగా ఉంటే తల్లులు పిల్లల్ని తీసుకుని రోడ్డెక్కుతాయి, ఒళ్ళు ఆరబెట్టుకోడానికి. చూస్తూ ఉండండి," అంది గుసగుసగా.

కాసేపటికి గోధుమరంగు ఫెజెంట్ పెట్ట ఒకటి, మన అడవికోడి లాంటిదే, మెడ సాచి చూసి రోడ్డు మీదకొచ్చింది. దాని వెనకాల రెండే రెండు పిల్లలు.

ఆంటీ మొహం వాడిపోయింది. "గంపెడు పిల్లలు ఉండాల్సింది..."

అప్పటికి మేం కెనడా వచ్చి ఏడాది కాలేదు. నాన్న పశువుల డాక్టరు. దక్షిణ అల్బర్టాలో, కాల్గరీకి రెండు గంటల దూరాన ఉద్యోగం. తెలుగు మాట వినాలంటే మా ఇంట్లోనే వినాలి. స్కూల్లో లంచ్ డబ్బా ఒక్కదాన్నే విప్పుకునేదాన్ని. అమ్మైతే నాన్న వెళ్ళింది మొదలు సాయంత్రం దాకా కిటికీ దగ్గరే... గాలి తప్ప పలకరించే దిక్కు లేదు.

మా పక్క పొలం డోరతీ ఆంటీది. డెబ్బై దాటిన మనిషి. ఆ ఏడాది ఎండలు ముదరకముందే భర్త వాల్టర్ అంకుల్ పోయారు. ఏటా అక్టోబరులో ఆయన స్నేహితులు నలుగురు కాల్గరీ నుంచి ఫెజెంట్ల వేటకొచ్చి వారం రోజులు వాళ్ళింట్లోనే ఉండేవారట. సీజన్‌కి ముందు అంకుల్ పొలమంతా తిరిగి పిట్టలు ఏ మాత్రం ఉన్నాయో చూసుకునేవారు. పెట్టల్ని కొట్టకూడదని ఎలాగూ చట్టమే ఉంది. పిట్టలు పల్చబడిన ఏడు పుంజుల జోలికీ పోకూడదని ఆయన కట్టుబాటు. ఆయన ఉన్నంతకాలం ఆ అవసరం రాలేదు.

ఈసారి ఆ పని ఆంటీ మీద పడింది. ఒక్కతే ట్రక్ ఎక్కబుద్ధి కాలేదేమో... ఓ రోజు మా తలుపు కొట్టి "నాతో వస్తారా?" అనడిగింది. అమ్మకి ఇంగ్లీష్ అంతంతమాత్రం. అయినా టక్కున "యెస్" అంది! మధ్యలో నేను దుబాసీని.

అమ్మ ఆవిణ్ణి "డోరతీ గారూ" అని పిలిచేది. "గారు అంటే ఏంటి?" అని ఆంటీ నన్నడిగితే, "రెస్పెక్ట్" అన్నాను.

బార్లీ కోశాక కాలవగట్టు వెంట నడిచాం. ముందు ఆవిడ ముసలి కుక్క బస్టర్. జమ్ముగడ్డి దగ్గర అది బిగుసుకుపోయి నిలబడింది... మరుక్షణం దడదడమని ఓ పుంజు లేచింది! ఎర్రటి మొహం, మెడ చుట్టూ తెల్లపట్టీ, బారెడు తోక.

"ఓరి దేవుడో!" అని అమ్మ మోళ్ళ మీద కూలబడి, ఇక నవ్వడం మొదలుపెట్టింది. కెనడా వచ్చాక అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. "అది కోడా, నెమలా? ఏదో ఒకటి తేల్చుకోమనవే!" అంది. నేను ఇంగ్లీషులో చెబితే ఆంటీ కూడా నవ్వింది... నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

కానీ ఆ రోజంతా తిరిగినా కనబడింది ఆ ఒక్క పుంజే. జూన్‌లో, గుడ్లు పగిలే వేళకి పట్టిన చలివాన పిల్లల్ని పొట్టన పెట్టుకుంది.

ఇంటికొచ్చాక ఆంటీ వంటింట్లో ఫోన్ ముందు కూర్చుండిపోయింది. "వేట వద్దంటే వాళ్ళు రారు. ఏడాది మొత్తానికి ఈ ఇంటికొచ్చేది వాళ్ళే..."

"ఏమంటోందే?" అంది అమ్మ. చెప్పాను.

"తుపాకులు వద్దనమను. మనుషుల్ని వద్దనడం దేనికి? భోజనానికి రమ్మనమను."

ఆంటీ ఫోన్ చేసి అదే చెప్పింది. తప్పకుండా వస్తామన్నారట. రిసీవర్ పెట్టేసరికి ఆవిడ మొహం వెలిగిపోతోంది.

రమ్మన్న శనివారం పొడుగాటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచింది. ఆవిడ మాంసం రోస్టూ, తియ్యటి ఆపిల్ పై కూడా చేసింది. అమ్మ ఇత్తడి బేసిన్ నిండా పులిహోర కలిపి తెచ్చింది. రోడ్డు మీద కారు చప్పుడైనప్పుడల్లా ఆంటీ లేచేది... కారు ఆగకుండా పోయేది. మధ్యాహ్నం దాటింది. పొద్దు వాలింది. ఎవరూ రాలేదు. ఫోనూ లేదు.

చివరికి మేం ముగ్గురం, డ్యూటీ దిగొచ్చిన నాన్న, ఆ బల్లకి ఓ మూల సర్దుకుని కూర్చున్నాం. ఆంటీ పులిహోర వడ్డించుకుంటూ, "ఇన్నేళ్ళూ వాల్టర్ కోసం వస్తున్నారనుకున్నాను," అంది.

మరుసటేడు పిట్టలు బాగా పెరిగాయి. మళ్ళీ ముగ్గురం తిరిగి చూశాం. సెప్టెంబరులోనే వాళ్ళ ఫోనొచ్చింది. అమ్మకి ఒళ్ళు మండిపోయింది. "గడప తొక్కొద్దని చెప్పమనవే!" అంది నాతో.

ఆంటీ మాత్రం ఫోన్‌లో "రండి" అంది. తర్వాత అమ్మ చెయ్యి పట్టుకుని, "వారం రోజులు ఇంట్లో మనుషుల అలికిడి ఉంటుంది కదా..." అంది.

నేను తెలుగులో చెప్పాను. అమ్మ ఆ చెయ్యి చాలాసేపు వదల్లేదు.

తర్వాత నాన్నకి ఎడ్మంటన్‌లో ఉద్యోగం వచ్చి మేం వెళ్ళిపోయాం. కొన్నేళ్ళకి ఆంటీ పోయారని తెలిసింది. పొలం ఎవరో పెద్ద ఆసాములు కొన్నారు. కాలవని పైపుల్లోకి దించేశారు, జమ్ము ఎండిపోయింది, గాలికి అడ్డంగా పెంచిన పొదల వరసలు పీకేసి రోడ్డంచు దాకా దున్నేశారు. పిట్టలు దాక్కునే చోటే మిగల్లేదు.

ఇప్పుడు అక్టోబరు వస్తే అక్కడ ఎవరికీ ఫోన్ చేసి రమ్మననక్కర్లేదు, వద్దనక్కర్లేదు... చెప్పే మనిషీ లేదు, చూసి రావడానికి పిట్టలూ లేవు.

మీ ఊరి చేలల్లో ఏ పిట్టలు తిరిగేవి? వాటిని ఎవరి పక్కన కూర్చుని చూశారు? రాయండి... అమ్మకి చదివి వినిపిస్తాను.